నటుని గొంతు

పాశ్చాత్య దేశములలో పాటలతో నడచు నాటకమునకును, చలనచిత్రమునకును 'మ్యూజికల్' అని యొక ప్రత్యేకమైన పేరు కలదు. మనకు అట్టి పేరు లేదు. దాని యవసరమును కలుగలేదు. పాట లేని నాటకమును మన పెద్దలు నాటకమనియే యెంచలేదు. ఆట చూచి వచ్చినవానిని 'ఎట్లున్నది?' అని యడిగినచో, అతడు కథను విడిచి పద్యములను గూర్చియే చెప్పెడివాడు. అమెరికాలో 1927లో వెలసిన 'షో బోట్', 1943లో వెలసిన 'ఓక్లహోమా' నాటకములను అక్కడివారు మైలురాళ్ళుగా పేర్కొందురు. పాట కథకు అంటించిన అలంకారము గాక, కథను ముందునకు నడిపించు సాధనము కావలెనని అవి నిరూపించినవట. మన వీథినాటకమువాడు ఈ మాట విన్నచో నవ్వును. దరువు లేనిదే అతడు తెర వెనుకనుండి ఈవలికి రానే రాడు.

నేను చెప్పబోవునది చరిత్రయే గాని, ఒక అభిమాని చెప్పు చరిత్ర. నాకు నచ్చినవి ఇందు ఎక్కువ చోటు ఆక్రమించును. నచ్చనివానికి ఒక్కొక్క వాక్యము చాలును. నన్ను చిరకాలముగా వేధించుచున్న ప్రశ్న యొకటి కలదు. రంగముమీద కనబడు మనిషియు, మనకు వినబడు గొంతును ఒకప్పుడు ఒక్కటే. అవి యెట్లు విడిపోయినవి? విడిపోయి మనకేమి యిచ్చినవి, మననుండి ఏమి తీసికొనిపోయినవి? ఈ కథలో చిత్తూరు, తిరుపతి ప్రాంతములకు రెండు పెద్ద అధ్యాయములు కలవు.

మొదట ఊరి ఆటను చూతము. ద్రౌపదీ ధర్మరాజుల గుడి యున్న చిత్తూరు సీమ గ్రామములలో ఏటేట జరుగు భారతమును ఎరుగనివారు ఆ ప్రాంతమున అరుదు. పదునెనిమిది దినములు పగటిపూట హరికథకుడు భారతకథ చెప్పును. రాత్రి ఆ కథనే ఆటగాండ్రు ఆడుదురు. అర్జునుని తపస్సునాడు పాత్రధారి పొడవైన తపస్సుమాను నెక్కుచు, మెట్టు మెట్టునకు పాడవలెను. క్రింద సంతానము గోరి వచ్చిన స్త్రీలు తడిబట్టలతో సాగిలపడి యుందురు. పైనుండి అతడు విసరు నిమ్మపండుకొరకు, విబూదికొరకు కొంగులు పట్టుదురు. అట్టి చోట గొంతు అనగా కండబలము. రాత్రి మొదలైన ఆట తెల్లవారుదాక సాగవలెను. హార్మోనియమును, మద్దెలను దాటి చివరి వరుసలోని ముసలమ్మకు మాట తెలియవలెను. అపస్వరమును క్షమింతురు గాని, వినబడని స్వరమును క్షమింపరు.

ఈ బలమే నాటకశాలలోనికి నడచి వచ్చినది. 1885లో కడప మండలమందలి సురభి గ్రామమున వనారస గోవిందరావుగారు 'కీచకవధ' ఆడించుటతో సురభి నాటకములు పుట్టినవి. బళ్ళారిలో ధర్మవరము రామకృష్ణమాచార్యులవారు సరసవినోదినీ సభ నెలకొల్పి, పద్యముతోపాటు పాటకును రంగముమీద పీట వేసిరి. 1932లో హెచ్. ఎం. రెడ్డిగారు తీసిన తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'కు మూలము ఆచార్యులవారి నాటకమే. అందు నటించినవారిలో సురభి కమలాబాయి ముఖ్యురాలు. తెలుగు టాకీ మద్రాసులో, బొంబాయిలో పెరిగినదే కావచ్చును. దాని పుట్టిల్లు మాత్రము ఆనాటి దత్తమండలములలోని నాటకశాల. ఇక తిరుపతి వేంకట కవుల పాండవ నాటకముల సంగతి చెప్పనక్కరలేదు. పేరులో తిరుపతి యున్నది గావున మా తిరుపతివారే యని వాదించిన పెద్దమనుష్యులను నేనెరుగుదును. ఆ కవులు గోదావరీ తీరమువారని చెప్పినను వారు వినరు.

ఆ నాటకశాలలో ప్రేక్షకునికి ఒక హక్కు ఉండెడిది. 'ఒన్సుమోర్' అని కేక వేసినచో, అంతకు ముందే ప్రాణము విడిచిన పాత్ర కూడ లేచి నిలిచి, పద్యము మరల చదివి, మరల పడి చనిపోయెడిది. దీనిని చూచి చదువుకొన్నవారు పరిహసించిరి. నేను పరిహసింపజాలను. రెండవమారు చదివినప్పుడు రాగము మరియొక దారి పట్టెడిది. మొదటిమారు లేని సంగతి యొకటి పుట్టెడిది. అది నటునికిని, చూచువానికిని నడుమ జరిగిన బేరము. గొంతు అతని శరీరములోనే యున్నది గావుననే ఆ బేరము సాధ్యమైనది.

ఇచ్చట నాగయ్యగారు ప్రవేశింతురు. వారు పుట్టినది 1904లో, గుంటూరు మండలమందలి రేపల్లెలో. అయినను లోకము వారిని చిత్తూరు నాగయ్య యనియే పిలిచినది. ఆ పేరు ఇచ్చినది చిత్తూరి నాటకరంగము. అచ్చటి రామవిలాస సభవారి నాటకములలో బాల్యముననే వేషము కట్టి, 'సారంగధర'లో చిత్రాంగిగా పేరు పొందిరి. మగవాడు ఆడుదాని పాట పాడుట ఆనాడు వింత కాదు. ఆ పాత్రలలో గొంతును కొంత అణచి, కొంత మెత్తపరచి పాడవలెను. వారు తెరమీద సాధించిన మార్దవమునకు అచ్చటనే బీజము పడినదని నా నమ్మకము.

1938లో 'గృహలక్ష్మి'తో వారు సినిమాలోనికి వచ్చిరి. మరుసటి యేట బి. ఎన్. రెడ్డిగారి 'వందేమాతరము'నకు నటులును, సంగీత దర్శకులును తామే యైరి. 1943 ఆరంభమున కె. వి. రెడ్డిగారి దర్శకత్వమున 'భక్త పోతన' విడుదలయ్యెను. న్యూయార్కులో 'ఓక్లహోమా' తెర లేచినదియు ఆ సంవత్సరముననే. రెండింటికిని ఎట్టి సంబంధమును లేదు. కాని పాట మనిషి లోపలినుండి రావలెను, ప్రేక్షకునిమీదికి విసరబడరాదు అను సంగతిని మనవారు ఎవరినుండియు అరువు తెచ్చుకొనలేదని చెప్పుటకు ఈ తేదీ నాకు పనికివచ్చును.

'పోతన'లో నాగయ్యగారు చేసినది పైకి చిన్నది. వారు గట్టిగా పాడుట మానివేసిరి. తక్కిన నటులు మైకు ఎదుట నిలిచికూడ నాటకశాలలోని చివరి వరుసకే పాడుచున్న కాలమది. మైకు చెవి యని, చెవి దగ్గర అరవనక్కరలేదని గ్రహించినవారు కొందరే. అమెరికాలో బింగ్ క్రాస్బీ, కలకత్తాలో సైగల్, మనకు నాగయ్య. నాగలి పట్టిన రైతు తన పనిలో తాను మునిగి పాడుకొనుచున్నట్లు ఆ పాట యుండును. రాజుకు కావ్యము అంకితమీయనని చెప్పునప్పుడు గొంతు పెంచుటకు ఎంత అవకాశము! వారు పెంచలేదు. గౌరీనాథశాస్త్రిగారి శ్రీనాథుడు దర్పముతో ఎదుట నిలిచినప్పుడు, ఈ తగ్గిన స్వరమే బరువు తూగును. సంగీతము, నటన ఒక్క మనిషిలో ఇంతగా కలిసిన చిత్రము తెలుగున మరియొకటి లేదని నా అభిప్రాయము.

1946 నాటి 'త్యాగయ్య'ను దీనికంటె మిన్నగా తలచువారు పెక్కురు. దానికి నిర్మాత, దర్శకుడు, సంగీతకర్త, నాయకుడు అన్నియు నాగయ్యగారే. కృతులు పాడిన తీరునకు వంక పెట్టగలవాడు లేడు. అయినను కచేరి వినుటకు కథ ఆగిపోవుచున్నదని నాకు తోచును. 'పోతన'లో పాట ముగిసినప్పుడు ఏమో మారియుండును. 'త్యాగయ్య'లో పాట ముగిసినప్పుడు పాట ముగియును. 1947 నాటి 'యోగి వేమన' మరల కె. వి. రెడ్డిగారిది. భోగి విరాగిగా మారు క్రమమును మాటలకంటె గొంతే చెప్పినది. నటనకు దానిని 'పోతన' ప్రక్కన కూర్చుండబెట్టుదును.

ఇంతలో గొంతు శరీరమును విడిచినది. నేపథ్యగానము 1935లో కలకత్తా న్యూ థియేటర్స్‌వారి 'ధూప్ ఛావ్'తో మన దేశమున మొదలైనది. తెలుగున అది నిలదొక్కుకొనిన కాలముననే, 1945 నాటి 'స్వర్గసీమ'లో, ఘంటసాలవారి గొంతు వినవచ్చినది. ఆ చిత్రమునకు నాయకుడును, సంగీతకర్తలలో ఒకడును నాగయ్యగారే యగుట గమనింపదగినది. తన వంటి నటగాయకుల కాలము ముగియు ద్వారమును తెరచి పట్టుకొన్నవారిలో ఆయనయు ఒకరు.

1951 నాటి 'మల్లీశ్వరి' ఈ రెండు కాలములకును సంధి. ఆకాశవాణిలో పనిచేసిన బుచ్చిబాబుగారి నాటకమును ఆ చిత్రకథకు ఒక ప్రేరణగా చెప్పుదురు. రేడియో గలవారు దీనికి కొంత గర్వింపవచ్చును. పాటలు కృష్ణశాస్త్రిగారివి, స్వరములు సాలూరి రాజేశ్వరరావుగారివి. నాయిక భానుమతి తన పాట తానే పాడినది. నాయకుడు రామారావుగారికి ఘంటసాల గొంతు అరువిచ్చిరి. యుగళగీతమున ఒకరి పెదవులు తమ పాటకే కదలుచున్నవి, రెండవవారి పెదవులు పరుల పాటకు. తెలిసి చూచినవానికి భేదము కనబడును. భానుమతి మెడమీది నరము, ఊపిరి తీయు క్షణము, కన్నులలోని స్వరజ్ఞానము – వీనిని ఎవరును అరువీయలేరు. అయినను చిత్రముగా 'మల్లీశ్వరి'నే నేను అన్నిటికంటె ఎక్కువమారులు చూచితిని.

విడిపోవుటవలన లాభమే లేదనినచో అది అన్యాయమగును. 1957 నాటి 'మాయాబజారు'లో శశిరేఖ రూపమున నున్న ఘటోత్కచుని పాట నడుమ మగగొంతు పైకి తన్నుకొని వచ్చును. ఆ హాస్యము గొంతును, శరీరమును విడదీసినవారికే సాధ్యము. 1963 నాటి 'లవకుశ'లో ఇద్దరు బాలురకు లీల, సుశీల గొంతులిచ్చిరి. చిత్రాంగి వేషమున మగవాడు పాడిన కాలము తలక్రిందై, మగపిల్లలకు స్త్రీలు పాడిరి. ఆ చిత్రమున వాల్మీకిగా గడ్డముతో కూర్చున్నది ఒకప్పటి ఆ చిత్రాంగియే! ఆనాటికి నాగయ్యగారు తండ్రులు, మునులు అను పాత్రలకు పరిమితులైరి. 1965లో పద్మశ్రీ వచ్చినది. సంపాదించినది దానధర్మములలో కరగిపోయినది. 1973 డిసెంబరులో కష్టదశలోనే కన్నుమూసిరి. చిత్తూరులో వారి పేరిట కళాక్షేత్రము కలదు.

రెండవ అధ్యాయము బాలసుబ్రహ్మణ్యముగారిది. 1946లో, 'త్యాగయ్య' వచ్చిన యేటనే, జన్మించిరి. నగరిలో, శ్రీకాళహస్తిలో, తిరుపతిలో చదివిరి. తండ్రి సాంబమూర్తిగారు హరికథకులు. హరికథలో ఒక్క మనిషియే రాజు, రాణి, రాక్షసుడు, బంటు. ఎవని మాట వచ్చినప్పుడు వాని గొంతు. ఏ నటునికి పాడిన ఆ నటుడే పాడినట్లు తోపించిన బాలుగారి విద్యకు మూలము ఆ యింటనే యున్నదని నేననుకొందును. నాగయ్యగారిలో గొంతు ఒక్క శరీరమునకు కట్టుబడినది. బాలుగారిలో ఒక్క గొంతు పదుల కొలది శరీరములను ధరించినది. 1980 నాటి 'శంకరాభరణము'లో సోమయాజులుగారి ముఖము, ఈయన గొంతు కలిసి ఒక్క విద్వాంసుడైరి. కట్టు ఎచ్చట నున్నదో నేను వెదకి వేసారితిని.

1997 నాటి 'అన్నమయ్య' తిరుపతివారికి ఇంటి చిత్రము. అన్నమయ్య సంకీర్తనలు తిరుమల ఆలయమున రాగిరేకులపై నిద్రించి, ఇరువదవ శతాబ్దమున వెలుగు చూచినవి. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు వానిలో పెక్కింటికి స్వరములు కూర్చిరి. అట్టి పాటలకు కీరవాణిగారి సంగీతమున బాలుగారి గొంతు తోడైనప్పుడు కొండమెట్లు కన్నుల ముందు కట్టును. మొదటి సగమందలి శృంగార గీతములు మాత్రము మరియొక చిత్రమునుండి జారి పడినట్లున్నవి. వానిని నేను విననట్లు నటింతును.

రేడియో ఈ కథలో ఒక న్యాయము చేసినది. తెరమీద ముఖము గలవానికే పేరు. రేడియోలో పాటకు ముందు చిత్రము పేరు, పాడినవారి పేరు చెప్పుదురు. పెదవులు కదలించినవాని ప్రసక్తి రాదు. బాలుగారు 2020 సెప్టెంబరులో పోయినప్పుడు మన యిండ్లలో నిండినది ముఖము గాదు, గొంతు.

ఒన్సుమోర్ అను కేక మాత్రము రికార్డుకు వినబడదు. ఎన్ని మారులు వేసినను అదే సంగతి, అదే ఊపిరి. కొత్త సంగతి కావలసినచో మరల ఊరి ఆటకే పోవలెను. 2022లో తిరుపతి వేరు జిల్లా యైనది గాని, భారతము జరుగు ఊళ్ళు రెండు జిల్లాలలోను కలవు. మైకులు అచ్చటికిని చేరినవి. హార్మోనియము ప్రక్కన విద్యుత్ వాద్యము చేరినది. అయినను కడపటి దినమున, మట్టితో చేసిన దుర్యోధనుని మహాకాయము చుట్టును భీమదుర్యోధనులు తిరుగుచు పాడుచుందురు. ఎండ యెక్కుచుండును. దుర్యోధనుని వేషగానికి గొంతు బొంగురుపోయి యుండును. తొడ విరుగువరకు అతడు పాడవలసినదే; అరువిచ్చువాడు ఎవడును లేడు.