నెట్‌వర్క్ కార్డు ఈఈప్రామ్

నెట్‌వర్క్ కార్డు ఈఈప్రామ్ అనగా ఈథర్‌నెట్ కార్డుపై ఉండి, విద్యుత్తు పోయినా చెరిగిపోని సమాచారమును దాచి ఉంచే చిన్న మెమరీ చిప్. కార్డు యొక్క 48 బిట్ల మ్యాక్ చిరునామా, కొన్ని ప్రారంభ అమరికలు ఇందులో ఉంటాయి. ఆపరేటింగ్ సిస్టమ్ లోని డ్రైవరు కార్డును పనిలో పెట్టే ముందు వీటిని చదువుతుంది.

చదివే విధానము

ఈఈప్రామ్ ను సాధారణ మెమరీ వలె నేరుగా చదువుటకు వీలు లేదు. ఇంటెల్ సంస్థ వారి అనేక గిగాబిట్ కార్డులలో ఇందుకొక ప్రత్యేక రిజిస్టరు కలదు. డ్రైవరు తనకు కావలసిన పదము యొక్క సంఖ్యను అందులో వ్రాసి, ప్రారంభ బిట్‌ను 1 చేస్తుంది. (ఇక్కడ పదము అనగా భాషలోని మాట కాదు, 16 బిట్ల సమూహము.) కార్డు ఆ పదమును తెచ్చి "పూర్తయినది" అనే బిట్‌ను 1 చేసే వరకు డ్రైవరు రిజిస్టరును మరల మరల పరిశీలిస్తుంది. ఈ నిరీక్షణకు ఒక హద్దు తప్పనిసరి. లేనిచో చెడిపోయిన కార్డు వలన డ్రైవరు అక్కడే ఆగిపోతుంది.

మొదటి మూడు పదములు మ్యాక్ చిరునామా. తొలి 64 పదములను కూడగా వచ్చు మొత్తములో చివరి 16 బిట్లు 47802 (షోడశాంశ పద్ధతిలో బీఏబీఏ) కావలెను. లెక్క తప్పినచో లినక్స్ డ్రైవరు కార్డును స్వీకరించదు. కార్డులో మరే లోపము లేకున్నా కంప్యూటరు నెట్‌వర్కుకు దూరమవుతుంది.

2008 నాటి సమస్య

2008 సెప్టెంబరులో లినక్స్ 2.6.27 పరీక్షా కెర్నెళ్ళు నడిపిన కొన్ని కంప్యూటర్లలో సరిగా ఇదే జరిగినది. వీటిలోని ఇంటెల్ ఈథర్‌నెట్ భాగమునకు విడిగా ఈఈప్రామ్ లేదు. దాని సమాచారము మదర్‌బోర్డుపై బయోస్ ఉండే ఫ్లాష్ చిప్ లోనే ఉండేది. అది చెరిగిపోగా మొదట అందరూ ఈ1000ఈ అనే డ్రైవరునే అనుమానించారు. అసలు కారణము కెర్నెలు లోని ఎఫ్‌ట్రేస్ అనే వేరొక విభాగము. మాడ్యూళ్ళు ప్రారంభమైన తరువాత ఖాళీ చేసిన మెమరీ చిరునామాలను అది ఇంకా గుర్తుంచుకొని, వాటిలో మార్పులు చేయబోయేది. ఆ చిరునామాలు ఈలోగా ఫ్లాష్ రిజిస్టర్లకు కేటాయింపబడినవి. మార్పునకు ముందు పాత విలువను పోల్చి చూసే జాగ్రత్త ఉన్నప్పటికీ, ఆ పోల్చే ఆదేశమే పరికరపు రిజిస్టర్లపై వ్రాతగా పరిణమించినది.

2008 అక్టోబరు 9న వెలువడిన 2.6.27 లో డ్రైవరు ఫ్లాష్‌ను వ్రాయుటకు వీలు లేకుండా బంధించినది. అదే నెలలో వచ్చిన 2.6.27.1 లో ఎఫ్‌ట్రేస్ యొక్క ఆ సౌకర్యమును నిలిపివేశారు. ఇవేవీ అప్పటికే చెరిగినదానిని తిరిగి తేలేవు. ఈథ్‌టూల్ ఉపకరణముతో ముందుగా నకలు తీసి ఉంచుకున్నవారికి మాత్రము పాత విలువలు చేతిలో ఉండెను.