ముడతల మూతే ఆనవాలు

కొబ్బరాకు అడుగున సున్నం చల్లినట్టు మైనం, అందులో చుట్లు తిరిగిన గుడ్ల వరస. చూడగానే సర్పిలాకార తెల్లదోమ అనేస్తాం. తొందరపడకూడదు. అలాగే చుట్లుగా గుడ్లు పెట్టే మరో తెల్లదోమ అల్యూరోడైకస్ డిస్పర్సస్‌ను లూయీస్ రసెల్ 1965లోనే వర్ణించారు. 1990లలో అది మన దేశానికీ వచ్చింది. కాబట్టి గుడ్ల చుట్టు సాక్ష్యంగా చాలదు.

కొబ్బరిని ఇప్పుడు పీడిస్తున్నది దాని దాయాది. మధ్య అమెరికాలోని బెలీజ్‌లో దొరికిన నమూనాల ఆధారంగా జాన్ మార్టిన్ 2004లో దీన్ని కొత్త జాతిగా వర్ణించి, అల్యూరోడైకస్ రూజియోపెర్క్యులేటస్ అని పేరు పెట్టారు. తెల్లదోమల్లో జాతిని తేల్చేది రెక్కల పురుగు కాదు, ఆకుకు అతుక్కున్న ప్యూపా పెంకు. దాన్ని క్షార ద్రావణంలో మెత్తబరిచి, మైనం వదిలించి, గాజు పలక మీద పరచి సూక్ష్మదర్శినిలో చూడాలి. మలద్వారపు గుంటను కప్పే చిన్న మూత మీద ముడతలుంటాయి. పేరుకు అర్థం కూడా 'ముడతల మూత' అనే. లోపలి నాలుకలాంటి భాగం కొన మొనదేలి ఉంటుంది. పెద్ద పురుగు రెక్కల మీది లేత గోధుమరంగు పట్టీలు తోటలో అనుమానానికి పనికొస్తాయి, నిర్ధారణకు కాదు.

కొత్త జాతి అంటే శాస్త్రానికి కొత్త అని మాత్రమే. అది ఎంత నష్టం చేస్తుందో పేరు చెప్పదు. 2009లో ఫ్లోరిడాలో, 2016లో తమిళనాడులోని పొల్లాచ్చిలో బయటపడి, ఆపైన ఉభయ గోదావరి జిల్లాల కొబ్బరి, ఆయిల్‌పామ్ తోటలకు పాకాకే దాని సంగతి తెలిసింది. రసం పీల్చి, జిగురు విసర్జిస్తుంది. ఆ జిగురు మీద మసి తెగులు పెరిగి, ఆకుకు అందే వెలుగును తగ్గిస్తుంది. అయితే కాపు తగ్గిన ప్రతి చెట్టునూ దీని ఖాతాలో వేయలేం. నీటి ఎద్దడి, ఎరువుల లోపం, ఈరియోఫిడ్ నల్లి కూడా అదే తోటలో ఉండొచ్చు. పక్కనే పురుగు లేని చెట్లతో పోల్చని లెక్కను నేనైతే నమ్మను.

ఈ తెల్లదోమ పిల్లల లోపలే పెరిగి దాన్ని అదుపులో పెట్టే ఎన్‌కార్సియా గ్వాడెలూపే అనే బుల్లి కందిరీగ మన తోటల్లోనే కనిపిస్తోంది. మందు కొట్టేముందు భూతద్దంతో ఖాళీ ప్యూపాలను చూడండి. చీలిక ఉంటే బయటికొచ్చింది తెల్లదోమ. గుండ్రటి రంధ్రం ఉంటే కందిరీగ. రంధ్రాలు ఎక్కువగా కనిపిస్తే మందు డబ్బా పక్కన పెట్టండి.