పెండ్లికి ముందు పంపిన పటము

పెండ్లికుమార్తె ఛాయాచిత్రమును వరుని యింటికి పంపుట మన యిండ్లలో వింత కాదు. ఛాయాచిత్రము పుట్టక పూర్వము ఐరోపా రాజవంశములు ఈ పనికి చిత్రకారునే పంపెడివి. 1769లో ఫ్రాన్సు రాజు పదునైదవ లూయీ, తన మనుమనికి అనుకొన్న పిల్లను చిత్రించి తెమ్మని జోసెఫ్ డుక్రూ అను చిత్రకారుని వియన్నాకు పంపినాడు. ఆ పిల్ల ఆస్ట్రియా మహారాణి మేరియా థెరీసా కుమార్తె. తరువాత లోకము ఆమెను మేరీ ఆంట్వానెట్ అని యెరిగినది. అప్పటికామెకు పదమూడేండ్లు, వరునికి పదునాలుగు.

సంబంధము వెనుక రాజ్యతంత్రమున్నది. చిరకాల శత్రువులైన ఆస్ట్రియా, ఫ్రాన్సులు 1756లో మిత్రులైనవి. ఆ యేడు ఐరోపాలో మొదలైన యుద్ధము ఏడేండ్లు సాగినది. 1758లో మన పిఠాపురము దాపున చందుర్తిలో ఫ్రెంచివారు ఆంగ్లేయుల చేతిలో ఓడినది ఆ యుద్ధములోని ఘట్టమే. యుద్ధము ముగిసినను మైత్రి నిలువవలెనన్నచో వియ్యము కావలెనని ఇరుపక్షములవారు తలచినారు.

పటము సంగతి అటుంచి, ముందు పిల్లనే దిద్దవలసి వచ్చినది. ఫ్రెంచిభాష సరిగా రాదని 1768లో ఉపాధ్యాయుని రప్పించినారు. వంకరగా నున్న పండ్లను ఫ్రెంచి దంతవైద్యుడు సరిచేసినాడు. నుదురు మరీ యెత్తు అన్నారు. అది తెలియకుండ జుట్టు దువ్వుటకు మరియొకడు వచ్చినాడు. ఆమె యిష్టమెట్టిదో అడిగినవారు లేరు.

డుక్రూ వాడినది పాస్టెల్. అనగా రంగుపొడిని ముద్దచేసి ఆరబెట్టిన కడ్డీలు. తైలవర్ణములవలె ఆరుటకు దినములు పట్టదు. కుదురుగా కూర్చుండని పిల్లను గీయుటకు ఇంతకంటె అనువైనది లేదు. పౌడరు చల్లి వెనుకకు దువ్విన జుట్టు, లేత బుగ్గలు, తిన్నని చూపు. ఆ కన్నులలో నాకు పెండ్లికళ కంటె, పాఠము ఒప్పజెప్పబోవు పిల్ల జాగ్రత్తయే ఎక్కువగా కనబడును.

పటము నచ్చినది; సంబంధము ఖాయమైనది. 1770 ఏప్రిల్ 19న వియన్నాలో వరుడు లేకయే పెండ్లి జరిగినది. అతని స్థానమున పెండ్లికూతురి అన్న ఫెర్డినాండు నిలుచున్నాడు. మే 16న వెర్సేల్స్‌లో, ఈసారి వరుని సమక్షముననే, మరల వివాహము చేసినారు. డుక్రూకు బారన్ బిరుదము దక్కినది.

1793 అక్టోబరు 16న ఆమెను బండిలో వధ్యస్థానమునకు తీసికొనిపోవుచుండగా డేవిడ్ అను చిత్రకారుడు కలముతో చకచక నాలుగు గీతలు గీచినాడు. కత్తిరించిన జుట్టు, చేతులు వెనుకకు కట్టి, నిటారుగా కూర్చున్న ముప్పదియేడేండ్ల స్త్రీ. ఆ కాగితము పారిస్‌లోని లూవ్రులో నున్నది. పదమూడేండ్ల పిల్ల పటము వెర్సేల్స్‌లోనే ఉన్నది.