నీలి సీసా

మా అమ్మ ట్రంకు పెట్టెలో, పట్టుచీరల అడుగున, ఒక నీలిరంగు గాజు సీసా ఉండేది. చింతామణిలో జరిగిన తన పెళ్ళికి మేనమామ బెంగుళూరు నుంచి తెచ్చిచ్చిన సెంటు. పేరు ఈవెనింగ్ ఇన్ పారిస్.

ఫ్రాన్సులోని బూర్జ్వా కంపెనీ దీన్ని 1928లో 'స్వార్ ద పారీ' పేరుతో విడుదల చేసింది. కూర్చినవాడు మాస్కోలో పుట్టిన ఎర్నెస్ట్ బో. 1921లో షనెల్ నంబర్ 5 చేసిందీ ఆయనే. అది కలవారి సెంటు. ఇది సామాన్యులకూ అందిన సెంటు. అందుకే ఆ ముదురు నీలం సీసా, వెండిరంగు చీటీతో, దేశదేశాలు తిరిగింది. మన మైసూరు గంధపు నూనె ఫ్రెంచి సెంట్లలోకి పోయేది. అక్కడి సెంటు మన పెట్టెల్లోకి వచ్చేది.

1969లో దాని తయారీ ఆపేశారు. 1992లో మళ్ళీ తెచ్చారు గాని పాత పాళ్ళు మార్చేశారు.

నాకు పదేళ్ళప్పుడు, అడుగున నాలుగు చుక్కలున్న ఆ సీసాను బట్టల సోడాతో కడిగి సిరా పోసుకున్నాను. మేనమామ అప్పటికే లేరు. అమ్మ తిట్టలేదు. మూత తీసి చూసి, "వాసన పోయింది కదరా నాయనా" అంది, అంతే.

సీసా ఇప్పుడు నా బల్లమీద ఉంది. దాని చరిత్ర ఎక్కడైనా దొరుకుతుంది. అమ్మ దాచుకున్నది మాత్రం నేనే కడిగేశాను.