నీటి మీది వెలుగు

సికింద్రాబాదు నుండి టాంక్‌బండు మీదుగా హైదరాబాదుకు పోయేవారు హుస్సేన్‌సాగరాన్ని నిత్యమూ చూస్తూనే ఉంటారు. ఆ నీటి రంగేమిటని అడిగితే మాత్రం మనలో చాలమందిమి నీలమని చెప్పి ఊరుకుంటాము. ప్రొద్దుపొడుపు వేళ అది రాగిరంగు, మిట్టమధ్యాహ్నం వెండిరేకు, మబ్బు పట్టిన సాయంకాలం బూడిదవన్నె. నీరు మారలేదు, వెలుగు మారినది. మనసుకు తెలిసిన రంగును కాక, ఆ క్షణాన కంటికి తోచిన రంగును పటం మీద నిలపడం ఎట్లా?

ఈ ప్రశ్న చరిత్రలో ఒక చిన్న తగరపు గొట్టానికి స్థానమున్నది. 1841లో జాన్ రాండ్ అనే అమెరికా చిత్రకారుడు రంగులు నింపే గొట్టానికి పేటెంటు పొందినాడు. నూనెరంగులను వెంట తీసుకొనిపోయి ఏటిగట్టున కూర్చుండి చిత్రించడం దానితో సులభమైనది. 1872లో క్లోద్ మోనే ఫ్రాన్సులోని ఒక రేవులో సూర్యోదయాన్ని చిత్రించినాడు. 1874లో పారిస్‌లో ఆ పటాన్ని ప్రదర్శించగా, లూయీ లెరువా అనే విమర్శకుడు దాని పేరునే పట్టుకొని ఆ బృందాన్ని ‘ఇంప్రెషనిస్టులు’ అని ఎగతాళి చేసినాడు. ఎగతాళియే బిరుదై నిలిచినది.

వారి దృష్టిలో నీడ అంటే నలుపు కాదు. పరిసరాల రంగులన్నీ నీడలోనూ ఉంటాయి. వస్తువు చుట్టూ గీత గీయనక్కరలేదు. రెండు రంగులు కలిసిన చోటే దాని అంచు. అయితే సర్వమూ వెలుగులో కరిగిపోతే రూపం ఏమి కావాలి? ఈ సందేహంతోనే సెజాన్ రూపపు గట్టిదనాన్ని వెతుకుతూ వేరొక దారి పట్టినాడు.

ఈ సందేహానికి మన ప్రాంతపు చిత్రకారుడు సూర్యప్రకాశ్‌గారి పటాలలో ఒక సమాధానం దొరుకుతుందని మా అభిప్రాయం. 1940లో మధిరలో జన్మించిన వీరు హైదరాబాదులో చిత్రకళ అభ్యసించి, ప్రసిద్ధ చిత్రకారుడు రాంకుమార్‌గారి వద్ద కొంతకాలం పనిచేసినారు. వీరికి తొలుత పేరు తెచ్చినవి చెరువులు కావు, తుప్పు పట్టిన మోటారుకార్ల శకలాలు. చెట్లూ, ఆకులూ, నీళ్లూ తరువాత వచ్చినవి. వంగిన ఇనుపరేకు మీద వెలుగు ఎక్కడ ఆగుతుందో, ఎక్కడ జారుతుందో చూచిన కన్నే పిమ్మట నీటిని చూచినది.

మోనే కలువల కొలను ప్రభావం వీరిపై ఉన్నది. కాని పారిస్ వెలుగు వేరు, దక్కను వెలుగు వేరు. ఇక్కడ ఎండ నడినెత్తిన నిలుస్తుంది, నీడలు కాళ్ల క్రిందికి ముడుచుకొంటాయి, సంధ్యాకాలం స్వల్పం. ఇటువంటి చోట మెత్తని వెలుగు కావాలంటే చెట్లనీడనూ, నీటినీ ఆశ్రయించవలసినదే.

సూర్యప్రకాశ్‌గారి నీటి చిత్రాలలో తేలే ఆకు నిశ్చలంగా ఉంటుంది. చెట్టు నీడ అలతో పాటు చెదురుతుంది. వాటి నడుమ ఆకాశం తునుకలై మెరుస్తుంది. ఏది గట్టిదో, ఏది ప్రతిబింబమో గీత చెప్పదు; వెలుగు దాని మీద నిలిచిన తీరే చెబుతుంది. ఇక్కడ వెలుగు రూపానికి శత్రువు కాదు, సాక్షి.

సూర్యప్రకాశ్‌గారు 2019లో కాలధర్మం చెందినారు. పటాలు మిగిలినవి, అటువంటి నీళ్లు మన జంటనగరాలలో ఎన్ని మిగులుతాయో ఆలోచించవలసి ఉన్నది. మాసాబ్‌టాంకులో ఇప్పుడు చెరువు లేదు, పేరు మాత్రమే ఉన్నది. చెరువు స్థలంలో ఉద్యానవనం వెలసినది. చెరువు పూడినప్పుడు పోయేది నీరొక్కటే కాదు. దానిపై ఉదయాస్తమయాలలో మారే రంగులను చూచే అలవాటు కూడా పోతుంది. రేపు టాంక్‌బండు మీదుగా పోయేవారు ఉదయం ఒకసారి, సాయంకాలం ఒకసారి ఆ నీటిని నిదానించి చూడవలెనని మా మనవి. ఏ రంగు కనిపించినదో ఇంటికి వచ్చి పిల్లలకు చెప్పండి.