బంగారు గనుల సీమలో ఇంగ్లీషు పాఠము

ఉగాదినాడు పెద్దలు పంచాంగము విప్పి ఆదాయ వ్యయములు చదివి వినిపింతురు. ఈ సంచికలో మేమును ఒక చిన్న ఆదాయ వ్యయపు లెక్క చెప్పదలచినాము. అది మన పిల్లల ఇంగ్లీషు తరగతి లెక్క. దినమునకు ఐదు మాటలు, ఒక వ్యాకరణ సూత్రము, ఒక పుట వ్రాత, ఈ మూడింటిని మన సీమలోని మిడిల్ స్కూళ్లలో తరతరములుగా పిల్లలచేత చేయించుచున్నారు. ఈ అలవాటు ఎచ్చటి నుండి వచ్చినది, మనకేమి ఇచ్చినది, మననుండి ఏమి పుచ్చుకొన్నది అను సంగతి ఒకసారి విచారించుట మంచిదని మాకు తోచినది.

కోలారు సీమకు తెలుగు పరాయి భాష కాదు. ముళబాగిలు, శ్రీనివాసపురము తాలూకాలలోను, 2007 వరకు ఈ జిల్లాలోనే ఉండి తరువాత చిక్కబళ్లాపుర జిల్లాలో చేరిన చింతామణి, బాగేపల్లి తాలూకాలలోను, ఎన్నో ఇండ్లలో తెలుగే ఇంటి భాష. కైవారము నారాయణ తాతగారు తెలుగులోను కన్నడములోను తత్త్వములు చెప్పినది ఈ నేలమీదనే. కాని గనులలోని మన తెలుగు సంగతి వేరు. అది మన తాతముత్తాతలు చిత్తూరు వైపు నుండి పని వెదకుకొనుచు వచ్చినప్పుడు సద్దిమూటతోపాటు తెచ్చుకొన్నది.

వారు వచ్చిన కథ అందరెరిగినదే. 1802లో వారెన్ అను సైనికోద్యోగి ఈ ప్రాంతమున బంగారపు జాడలను పరిశీలించినాడు. లావెల్ అను మాజీ సైనికుడు ఆ వృత్తాంతము చదివి వచ్చి, 1875లో మైసూరు ప్రభుత్వము నుండి తవ్వుటకు అనుమతి పొందినాడు. 1880లో లండనుకు చెందిన జాన్ టేలర్ కంపెనీవారు ప్రవేశించినారు. 1894లో బౌరింగుపేట, అనగా నేటి బంగారుపేట, నుండి మారికుప్పము వరకు రైలుబాట పడినది. 1902లో శివసముద్రము నుండి విద్యుచ్ఛక్తి వచ్చినది. 1901 నాటికే ఇచ్చట జనసంఖ్య 38 వేలు దాటినది.

ఆ జనములో అత్యధికులు ఇంగ్లీషు బడి ముఖము చూడనివారు. అయినను ఇంగ్లీషు వారి చెవిన పడక తప్పలేదు. షాఫ్టు, షిఫ్టు, కేజి, లెవెలు, డ్రిల్లు, పాసు, గేటు, సైనైడు దిబ్బ, ఇవన్నియు అక్షరము రాని మన అవ్వల నోట గూడ తెలుగు మాటలవలెనే పలికినవి. కాని నోటితో పలుకుట వేరు, చేతితో వ్రాయుట వేరు. షాఫ్టు అని పలుకగలవాడు భూమిలోపలికి దిగినాడు. షాఫ్టు అని వ్రాయగలవాడు కప్పుక్రింద బల్లముందు కూర్చున్నాడు. ఆ రెండింటి మధ్యనున్న దూరము మన పెద్దలకు ఎవ్వరును వివరించి చెప్పనక్కరలేకపోయినది. తమ పిల్లలను బడికి పంపునప్పుడు వారి మనసులో ఉన్నది షేక్స్పియరు కాదు. కొడుకు గనిలోనికి దిగకుండవలెను, అంతే.

బడులు గూడ ఆ కాలముననే పెరుగుచుండెను. 1854లో ఇంగ్లండునుండి వచ్చిన వుడ్ దొరగారి ఉత్తరువును అనుసరించి మైసూరులో 1857లో విద్యాశాఖ ఏర్పడినది. తరువాత శాసనముల పరిశోధకులుగా పేరుపొందిన లూయీ రైసు గారి పథకముపై 1868 నుండి హోబ్లీలలో దేశభాషా పాఠశాలలు పెట్టినారు. ఇంగ్లీషు కావలెనన్న పట్టణమునకు పోవలెను. ముద్దేనహళ్లిలో 1861లో పుట్టిన మోక్షగుండము విశ్వేశ్వరయ్యగారు ఆ విధముగనే చిక్కబళ్లాపురములో చదివి, పిదప బెంగుళూరు చేరినారు. వారి పూర్వులు మోక్షగుండమునుండి వలస వచ్చినవారు. చిన్నతనముననే తండ్రి పోగా, ఇతరుల పిల్లలకు పాఠములు చెప్పుచు ఆ సంపాదనతో చదువుకొని, 1881లో సెంట్రల్ కాలేజీనుండి బి.ఏ. పూర్తిచేసినారు. మన ఇండ్లలో పిల్లవాడు పుస్తకము మూయగానే ఈ పేరు వినబడుట ఇప్పటికిని ఉన్నది.

ఇక పాఠపు రీతి. పందొమ్మిదవ శతాబ్దాంతమున నెస్ఫీల్డు దొరగారి వ్యాకరణము మనదేశపు బడులలో రాజ్యమేలినది. 1930 తరువాత రెన్, మార్టిన్ అను ఇద్దరి వ్యాకరణము దాని స్థానమును ఆక్రమించినది. దీనిని తరువాతి కాలమున సవరించి దిద్దినవారు ఎన్.డి.వి. ప్రసాదరావుగారు. ఈ పుస్తకములలోని పద్ధతి ఒక్కటే. ముందు సూత్రము, తరువాత ఉదాహరణము, ఆ తరువాత ఖాళీలు పూరించుట, వాక్యములు మార్చుట, చివరకు స్వంతముగా వ్రాయుట. మన మేష్టర్లు దీనిని దినచర్యగా విడదీసినారు. నల్లబల్లమీద తేదీ వేసి, దాని క్రింద ఐదు మాటలు. ఒక్కొక్క మాట పదేసిసార్లు వ్రాయవలెను, అర్థము చెప్పవలెను, స్వంత వాక్యములో పెట్టవలెను. పిమ్మట 'గో, వెంట్, గాన్' అని క్రియారూపముల వల్లింపు. చివరకు నాలుగు గీతల నోటుబుక్కులో ఒక పుట దస్తూరి.

తెలుగు పిల్లలకు ఇందులో చిక్కులు లేకపోలేదు. మన క్రియ వాక్యము చివరకు వచ్చును, ఇంగ్లీషు క్రియ కర్త వెంటనే వచ్చి నిలుచును. మన విభక్తి ప్రత్యయము నామవాచకము వెనుక నడచును, వారి 'ఇన్', 'ఆన్', 'టు' ముందు నడచును. 'ఎ', 'ది' అను రెండు చిన్న మాటలకు మనలో సరిజోడే లేదు. నాకు ఆకలిగా ఉన్నది అనుటకు వారు 'నేను ఆకలిగొన్నవాడను' అన్నట్లు చెప్పుదురు. 'హి గో' అని వ్రాసి ఒక్క 'ఎస్' అక్షరము విడిచిపెట్టి దెబ్బలు తినని వాడు మాలో లేడు. మరియొక వింత గలదు. మనము మేము అని ఒకటి, మనము అని ఒకటి రెండు మాటలు వాడుదుము. ఎదుటివానిని విడిచిన మాట ఒకటి, కలుపుకొన్న మాట ఒకటి. పక్కింటి తమిళులకు గూడ నాంగళ్, నామ్ అని రెండున్నవి. కన్నడమున నావు అని ఒకటే, ఇంగ్లీషున వుయ్ అని ఒకటే. ఒకే బెంచీమీద ఈ మూడు భాషల పిల్లలు కూర్చుండి వుయ్ అని వల్లించునప్పుడు, ఎవరి మనసులో ఏ మాట మెదలినదో మేష్టరుకు తెలియదు.

ఈ సూత్రముల పద్ధతి మంచిదా కాదా అను వాదము పాతదే. వంగదేశమున మైకేల్ వెస్ట్ అను విద్యాధికారి, పిల్లలకు ఎక్కువ ఉపయోగపడు కొద్ది మాటలను ఏరి, వాటితోనే చదువ నేర్పవలెనని 1920 ప్రాంతములలో పరిశోధనలు చేసినారు. 1953లో ఆయన ప్రకటించిన పట్టికలో సుమారు రెండువేల మాటలున్నవి. దినమునకు ఐదు చొప్పున, సంవత్సరమునకు రెండువందల పనిదినములనుకొన్నచో, రెండువేల మాటలకు రెండు సంవత్సరములు చాలును. మన మిడిల్ స్కూలు లెక్కకు ఇది చక్కగా సరిపోవుచున్నది. 1963లో బెంగుళూరులో దక్షిణ రాష్ట్రముల కొరకు ప్రాంతీయ ఇంగ్లీషు శిక్షణాలయము వెలసినది. దాని సాహచర్యముననే 1979 నుండి 1984 వరకు ప్రభుగారు అను ఆచార్యులు, వ్యాకరణ సూత్రము వల్లింపకయే, పటము చూచి దారి చెప్పుట, రైళ్ల పట్టిక చూచి లెక్క కట్టుట వంటి పనులద్వారా భాష పట్టుపడునని కొన్ని బడులలో ప్రయత్నించి చూపినారు. ప్రపంచమంతటను పండితులు ఆ ప్రయోగమును గూర్చి నేటికిని చర్చించుచున్నారు. రెండు పక్షములలోను సత్యమున్నదని మా అభిప్రాయము. కాని ఏ పద్ధతియైనను దినదినమును సాగినప్పుడే ఫలించినదనుట మా అనుభవము.

మా అనుభవమనగా 2000-2001 సంవత్సరపు తరగతి. గనులు 1956లో మైసూరు ప్రభుత్వపు వశమై, 1962లో కేంద్రమునకు చేరి, 1972లో భారత్ గోల్డ్ మైన్స్ అను పేరు పొందినవి. లోతు సుమారు మూడువేల రెండువందల మీటర్లకు చేరి, ఖర్చు పెరిగి, బంగారపు పాలు తగ్గినది. 2001 ఫిబ్రవరి 28వ తేదీన గనులు మూతపడినవి. మరుసటి దినములలో మా తరగతిలో యథాప్రకారము పాఠము సాగినది. వర్తమానకాల వాక్యములను భూతకాలమునకు మార్చవలెను. బల్లమీద మూడవ వాక్యము 'మా తండ్రి గనిలో పని చేయును' అని. అది పాత నోటులోనిది, మేష్టరుగారు ఎప్పుడును ఇచ్చెడిదే. మేమందరము తల వంచుకొని వ్రాసినాము. ఎవ్వరును తప్పు వ్రాయలేదు. కొంతసేపటికి మేష్టరుగారు ఆ వాక్యమును తుడిచి, దాని స్థానమున 'పక్షులు ఎగురును' అని వ్రాసినారు. అంతకు మించి ఆయన ఏమియు అనలేదు.

ఆ వేసవిలో వాడకట్టులోని పెద్దలు అర్జీలు వ్రాయించుకొనుటకు మావంటి పిల్లలవద్దకు రాసాగినారు. మాకు కంఠస్థమైన ఉత్తరము ఒక్కటే, జ్వరముచేత సెలవు కోరు ఉత్తరము. మాతో చదివిన ఒకడు రేషను కార్డు కోరిన ఒక తాతగారి అర్జీలో గూడ 'నేను జ్వరముతో బాధపడుచున్నందున' అని ఆరంభించినాడు. తాతగారు వేలిముద్ర వేసి తీసికొనిపోయినారు. గుమాస్తాగారు చదివి, నవ్వి, దిద్ది ఇచ్చినారట. మేము గూడ చాలదినములు నవ్వుకొన్నాము. కాని మరుసటి సంవత్సరమునకు అదే పిల్లవాడు ఏ అర్జీ అయినను తప్పులేక వ్రాయగలిగినాడు. దినమునకొక పుట చేసిన పని అది.

ఇప్పుడు తెల్లవారకమునుపే మారికుప్పములో బయలుదేరు బండిని చూడుడు. ఛాంపియన్, ఊరిగాము, కోరమాండల్ స్టేషనులలో ఎక్కుచు మన యువకులు, మన ఆడపడుచులు వేల సంఖ్యలో బెంగుళూరు పనులకు పోవుచున్నారు. రైల్వే గుమాస్తాలమైన మేము కిటికీ ఇవతలనుండి వారి పాసులను చూచుచుందుము. గని పోయినను కూడు దొరకుటకు ఆ నాలుగు గీతల నోటుబుక్కు కొంత కారణమని మేము నమ్ముచున్నాము. ఇది ఆదాయము.

వ్యయము గూడ చెప్పవలెను గదా. ఇంటిలో తెలుగు, వీధిలో తమిళము, బడిలో కన్నడము, పాఠములో ఇంగ్లీషు, ఇట్లు పెరిగిన మాకు, చిత్తూరు జిల్లాలోని అమ్మమ్మకు తెలుగున ఒక ఉత్తరము వ్రాయుట రాకపోయినది. మాతృభాషలో ప్రాథమిక విద్య గరపు ఏర్పాటు చేయవలెనని 1956లోనే రాజ్యాంగమున 350ఎ అధికరణము చేర్చినారు. కాని బడిని మాత్రమే నిందించి ప్రయోజనము లేదు. ఇంగ్లీషుకు మేము ప్రతిదినము ఒక పుట ఇచ్చినాము. తెలుగుకు సంవత్సరమునకొక ఉగాది ఇచ్చినాము. ఏది నిలిచినదో, ఏది జారినదో ఎవరి ఇంట వారు చూచుకొనవచ్చును.

అయితే ఇది చేజారిపోయిన సంగతి కాదు. తెలుగు లిపి, కన్నడ లిపి ఒకే తల్లి బిడ్డలు. కొన్ని శతాబ్దముల క్రిందటి శాసనములలో రెండును ఒక్కటే. కన్నడము చదువగల మన పిల్లలకు తలకట్టు భేదము, మరికొన్ని అక్షరముల ఆకారము తెలిసిన చాలును, కొలది వారములలో తెలుగు చదువగలరు. కొరవడినది కష్టము కాదు, దినచర్య. కావున మా విన్నపము ఇది. రాత్రి భోజనమునకు ముందు కాలుగంట. ఐదు తెలుగు మాటలు, స్వంతముగా ఒక వాక్యము, అర పుట దస్తూరి. ఇంగ్లీషు నోటుబుక్కు ప్రక్కనే ఇంకొక నోటుబుక్కు. దిద్దుటకు పండితులు అక్కరలేదు, ఇంట అవ్వ ఉన్నచో వాక్యము వినిపించిన చాలును, తప్పు ఆమె పట్టుకొనును. మన సంఘమువారు ఆ నోటుబుక్కులను పంచి, వచ్చే ఉగాదికి వాటిని తెప్పించి చూచినచో బాగుండును. మొదటి నోటుబుక్కు మేమే కొనుకొన్నాము. ముప్పది దాటిన వయస్సున అ ఆలు దిద్దుచున్నందుకు మా పిల్లలు నవ్వుచున్నారు, నవ్వుచునే ప్రక్కన కూర్చుండి వారును దిద్దుచున్నారు.

సోదర సోదరీమణులకు ఉగాది శుభాకాంక్షలు.