సింహం బిళ్ళ మీద పేరు

మా పెద్ద మేనమామ రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా దాకా వెళ్ళివచ్చాడు. వచ్చేటప్పుడు ఓ ఇనప ట్రంకుపెట్టె, వినపడని కుడిచెవి, నాలుగు ముక్కల హిందుస్తానీ తెచ్చుకున్నాడు. చాన్నాళ్ళ తరవాత పోస్టులో ఒక పతకం కూడా వచ్చింది. ఒక పక్క ఆరో జార్జి తల, రెండో పక్క రెండు తలల మృగాన్ని కాళ్ళకింద తొక్కిపట్టిన సింహం. పిల్లలం దాన్ని ‘సింహం బిళ్ళ’ అనేవాళ్ళం. మా అత్తయ్య ప్రతి సంక్రాంతికీ ఇత్తడి సామానుతో పాటు దాన్నీ చింతపండేసి తోమేది. మామయ్య చూసి లబలబలాడేవాడు.

హిందూదేశపు సైన్యంలో పనిచేసినవాళ్ళకి ఇచ్చిన ఆ పతకాల అంచున సిపాయి నంబరు, హోదా, పేరు, పటాలం చెక్కి ఇచ్చేవారు. ఇంగ్లండులో ఇంగ్లీషు సోల్జర్లకి ఆ భాగ్యం లేదు. వాళ్ళ బిళ్ళలు ఉత్తవే. మనవాళ్ళకి పేరు చెక్కారు గదా అని సంతోషించాలా? మా మామయ్య పతకం మీద ఉన్నది ఆయన పేరు కాదు. ఆయన ఇంటిపేరు! అదీ ఒక అక్షరం తప్పుగా.

ఎలా జరిగిందో నాకు తెలుసు. ముప్పై ఏళ్ళు గుమాస్తాగిరీ వెలగబెట్టినవాణ్ణి. భర్తీ చేసుకున్నరోజున బల్ల దగ్గర కూచున్న రైటరు “నామ్?” అని ఉంటాడు. మన పద్ధతి ప్రకారం ఈయన ఇంటిపేరుతో మొదలుపెట్టి ఉంటాడు. మొదటి ముక్క రాసుకోగానే వెనక నించున్న కుర్రాడు ముందుకొచ్చి ఉంటాడు. అంతే. అక్కణ్ణించి జీతం పుస్తకం, డిశ్చార్జి పుస్తకం, పతకం అన్నీ ఆ మొదటి ముక్క మీదే నడిచాయి. మామయ్య ఊళ్ళో ఆ ఇంటిపేరువాళ్ళు సగం వీధి. ఆ లెక్కన సగం వీధి బర్మా వెళ్ళొచ్చినట్టే.

ఇంకో చిక్కు కూడా ఉంది. బర్మాలో పనిచేసినవాళ్ళకి బర్మా స్టార్ అని ఆరుకొమ్ముల నక్షత్రం వేరే ఉంది. మామయ్యకి అది రాలేదు. డిశ్చార్జి పుస్తకంలో ఆ గడి ఖాళీ. మూడుసార్లు అర్జీ పెట్టాడు. ‘రికార్డులో నమోదు లేదు కనుక ఇవ్వ వీలులేదు’ అని మూడుసార్లూ ఒకే జవాబు. “ఒరేయ్ అబ్బాయ్, నేను బర్మాలో ఉన్నానని నా చెవికి తెలుసు, ఆ కాగితానికి తెలీదు” అనేవాడు.

ఇదంతా ఇప్పుడెందుకంటే, ఆమధ్య మావాడి దగ్గర ఆర్నెల్లుందామని అమెరికా వెళ్ళాను. వాడుండేది సెయింట్ లూయీ. “నాన్నా, ఈ ఊరొచ్చినవాళ్ళందరూ నది ఒడ్డున ఆ పెద్ద కమాను చూస్తారు. నువ్వేమిటి, సిపాయిల రికార్డాఫీసు చూపించమంటావు?” అన్నాడు. కమాను కూడా చూశాను లెండి. కానీ నా మనసంతా ఆ ఊరి శివారు ఓవర్లాండులో ఉన్న ఆరంతస్తుల మేడ మీదే ఉంది. అమెరికా సైన్యంలో పనిచేసి బయటికొచ్చిన కోట్లాదిమంది కాగితాలు ఒకప్పుడు అందులో ఉండేవి. 2011లో వాటిని అదే జిల్లాలో వేరే భవనానికి మార్చారు.

1973 జూలై 12, అర్ధరాత్రి దాటిన కాసేపటికి ఆ మేడ పైఅంతస్తు అంటుకుంది. ఆ అంతస్తుల్లో మంటల మీద నీళ్ళు చిమ్మే గొట్టాల ఏర్పాటు లేదు. కట్టేరోజుల్లో ఆ విషయమై పెద్ద తర్జనభర్జన జరిగిందట. గొట్టాలు కారితే కాగితాలు తడిసిపోతాయని ఒక పక్షం వాదన. నిప్పు సంగతి తరవాత, ముందు నీటిగండం అన్నమాట! చివరికి రెండూ వచ్చాయి. మంటలు దాదాపు ఒక పగలూ రాత్రీ మండాయి. పూర్తిగా చల్లారడానికి నాలుగురోజులు పైన పట్టింది. ఫైర్ ఇంజన్లు లక్షల గాలన్ల నీళ్ళు కుమ్మరించాయి. కాలినవి కాలగా, కింది అంతస్తుల్లోవి తడిశాయి. ఎలా అంటుకుందో ఈనాటికీ తేలలేదు.

పోయినవి కోటి అరవై లక్షల నుంచి కోటి ఎనభై లక్షల ఫైళ్ళు. 1912 నవంబరుకీ 1960 జనవరికీ మధ్య పదాతి సైన్యం వగైరాల నుంచి విడుదలైనవాళ్ళ రికార్డుల్లో నూటికి ఎనభై. అంటే రెండు ప్రపంచ యుద్ధాలు, కొరియా యుద్ధం. వైమానిక దళంలో ఇంకో తమాషా. అక్షరక్రమంలో పెట్టారు గనక, 1964కి ముందు విడుదలైనవాళ్ళలో ‘హబ్బర్డ్’ దగ్గర్నించి చివరి అక్షరం దాకా పేర్లున్నవాళ్ళ ఫైళ్ళు నూటికి డెబ్బై అయిదు బూడిదయ్యాయి. పేరులో మొదటి అక్షరాన్ని బట్టి మనిషి చరిత్ర మిగలడమో పోవడమో జరిగింది. మా మామయ్యకి చెప్పవలసిన సంగతి ఇది. ఆ ఫైళ్ళకి నకళ్ళు లేవు. ఫిల్ము తీసిపెట్టలేదు. పోయినవాటి పట్టిక కూడా లేదు.

తడిసిన కాగితాలకి ఆ వేసవి ఉక్కలో బూజు పట్టడం మొదలైంది. దాన్ని ఆపడానికి థైమాల్ చల్లారు. ఏదో పెద్ద రసాయనం అనుకునేరు, మన ఇళ్ళల్లో జలుబుకి వాసన చూపించే వాముపువ్వే! తరవాత ఆ కట్టల్ని పాలడబ్బాలు మోసే ప్లాస్టిక్ బుట్టల్లో సర్ది, అదే ఊళ్ళో విమానాలు తయారుచేసే మెక్‌డోనెల్ డగ్లస్ కంపెనీవారి శూన్యపు గదిలోకి పంపారు. అక్కడ గాలి తోడేసి తడి ఆర్చారు. అలా అంచులు మాడినవీ నీటిమచ్చలు పడినవీ సుమారు అరవై అయిదు లక్షల ఫైళ్ళు దక్కాయి. తక్కినవాటికి ప్రతిసృష్టి మొదలైంది. జీతం పత్రాలు, రోజువారీ హాజరు నివేదికలు, ఆస్పత్రి చీట్లు, పెన్షను అర్జీలు... ఇలా ఇంకెక్కడో పడివున్న ముక్కలన్నీ ఏరి ఒక్కో సిపాయినీ మళ్ళీ కాగితం మీద నిలబెట్టాలి. ఇన్నేళ్ళయినా ఆ పని ఆగలేదు.

నిప్పు మీదే నెపం వెయ్యడానికీ లేదు. అగ్నిప్రమాదానికి చాలాముందే, 1945లోనే, సగం తప్పులు జరిగిపోయాయి. యుద్ధం అయిపోగానే లక్షలమంది ఇళ్ళకి ఉరికారు. ఎవరు ముందు వెళ్ళాలో మార్కులేసి తేల్చారు. సర్వీసు నెలకి ఒకటి, విదేశంలో గడిపిన నెలకి ఇంకొకటి, ఒక్కో పతకానికి అయిదు, ఒక్కో పిల్లకి పన్నెండు. పిల్లల లెక్క మాత్రం ముగ్గురితో సరి. యూరపులో యుద్ధం ముగిశాక మొదట్లో ఎనభై అయిదు మార్కులొస్తే ఇంటికి. (మా మామయ్య అక్కడుంటే ముగ్గురు పిల్లలతో ముప్పై ఆరు అప్పటికే కొట్టేసేవాడు.) ఇంటికెళ్ళే తొందరలో ఉన్న కుర్రాడు డిశ్చార్జి కాగితంలో ఏ గడి ఖాళీగా ఉందో చూస్తాడా? సంతకం పెట్టి రైలెక్కాడు. పైగా యుద్ధంలో లోహం కరువు గనక చాలామందికి పతకం బదులు రంగు రిబ్బను ముక్కే ఇచ్చి, బిళ్ళ తరవాత తీసుకోమన్నారు. పటాలం మొత్తానికి వచ్చిన బహుమానాలు కొన్ని సిపాయి ఇల్లు చేరాక ప్రకటించారు. ఆ కబురు ఆయన కాగితం మీదికి ఎలా ఎక్కుతుంది?

అన్నిటికన్నా విచిత్రం బ్రాంజ్ స్టార్ కథ. 1944లో పుట్టిన పతకం అది. 1947లో సైన్యం ఒక నిర్ణయం చేసింది. యుద్ధకాలంలో ముందువరసలో పోరాడి పదాతి బాడ్జీ పొందినవాళ్ళకీ, అక్కడే క్షతగాత్రుల్ని చూసుకుని వైద్య బాడ్జీ పొందినవాళ్ళకీ ఈ పతకం కూడా ఇవ్వాలని. బురదలో పడుకున్నవాడికి దక్కింది చాలా తక్కువ అన్న ఎరుక అందులో ఉంది. బాగానే ఉంది. కానీ ఇంటికొకటి పంపరు, అడిగి తీసుకోవాలి. 1947 నాటికి ఈ సిపాయిలు పొలాల్లో, ఫ్యాక్టరీల్లో, కాలేజీల్లో ఉన్నారు. ఎంతోమంది తమకి పతకం వచ్చిందని తెలియకుండానే ముసలివాళ్ళయ్యారు. ఏ మనవడో డిశ్చార్జి కాగితం తిరగేసి, బాడ్జీ పేరు చూసి, “తాతా, నీకింకోటి రావాలి” అంటే తప్ప.

ఇలాంటి తేలిక తప్పులకి రికార్డాఫీసుకి ఒక ఫారం పంపితే చాలు. చిక్కుముళ్ళకి వేరే దారి ఉంది. పూర్వం ఒక సిపాయి కాగితంలో తప్పు దిద్దాలంటే వాళ్ళ పార్లమెంటు ఆయన ఒక్కడి కోసం చట్టం చెయ్యాల్సి వచ్చేదట. ఆ అర్జీలు చదివీ చదివీ సభ్యులకి విసుగెత్తింది. 1946లో ఆ పని సైనిక శాఖలకి అప్పజెప్పి, దానికి బోర్డులు పెట్టుకోమన్నారు. నాకు నచ్చిందేమిటంటే, ఆ బోర్డుల్లో కూచునేది యూనిఫారం వేసుకున్నవాళ్ళు కాదు, పౌరులు. తప్పు తెలిసిన మూడేళ్ళలోగా అర్జీ పెట్టాలి. ‘న్యాయం దృష్ట్యా’ గడువు మన్నించే వీలూ ఉంది.

ఆ వీలు ఎంతదూరం పోయిందో చూడాలంటే డాక్టర్ మేరీ వాకర్ సంగతి చెప్పాలి. 1855లో డాక్టరు పట్టా తీసుకున్న మనిషి. లాగూ తొడుక్కుని తిరుగుతుందని పోలీసులు పట్టుకుపోయిన మనిషి. అంతర్యుద్ధంలో ఉత్తరాది సైన్యానికి వైద్యం చేస్తానంటే ఆడదానికి ఆఫీసరు పదవి ఇవ్వమన్నారు. కాంట్రాక్టు మీద తీసుకున్నారు. 1864లో శత్రువులకి చిక్కి రిచ్‌మండ్ జైల్లో నాలుగు నెలలుంది. యుద్ధం అయ్యాక 1865లో అధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్ ఆమెకి మెడల్ ఆఫ్ ఆనర్ ఇచ్చాడు. అది వాళ్ళ దేశంలో అన్నిటికంటె పెద్దది.

యాభై ఏళ్ళు తిరిగాక పతకాల జాబితా సమీక్షించారు. 1917లో ఒక్కదెబ్బకి 911 పేర్లు కొట్టేశారు. నిజం చెప్పాలంటే అందులో చాలా భాగం కొట్టెయ్యాల్సినవే. 864 ఒకే రెజిమెంటువి. రాజధానికి కాపలాగా గడువు మీద ఇంకొన్నాళ్ళు ఉంటే పతకం అన్నారు, ఉన్నవాళ్ళకీ వెళ్ళిపోయినవాళ్ళకీ కలిపి పంచేశారు. లింకన్ శవయాత్ర వెంట నడిచిన 29 మందికీ ఇచ్చారు. ఈ చెత్తతో పాటు మేరీ వాకర్ పేరూ పోయింది. కారణం? ఆమె సైన్యంలో ఉద్యోగి కాదు, కాంట్రాక్టు మనిషి. ఉద్యోగం ఇవ్వననిదీ వాళ్ళే, ఉద్యోగి కాదన్నదీ వాళ్ళే! ఆమె పతకం వెనక్కివ్వలేదు. అప్పటికి ఎనభై నాలుగేళ్ళు. రోజూ కోటుకి పెట్టుకునే తిరిగింది. 1919లో పోయేదాకా తియ్యలేదు. 1977లో, ఆమె పోయిన యాభై ఎనిమిదేళ్ళకి, ఈ బోర్డు సిఫార్సు మీద సైనిక శాఖ ఆ పేరు తిరిగి జాబితాలోకి ఎక్కించింది. 2024లో పావు డాలరు నాణెం మీద ఆమె బొమ్మ వేశారు.

రంగు చూసి ఖాళీ వదిలిన గళ్ళు ఇంకొక రకం. రెండో ప్రపంచ యుద్ధం అయ్యేటప్పటికి ఆ పెద్ద పతకం నల్లవాళ్ళలో ఒక్కరికీ రాలేదు. పోరాడినవాళ్ళు లేక కాదు. 1990లలో సైన్యమే ఒక విశ్వవిద్యాలయం చేత పాత కాగితాలు తవ్వించింది. 1997 జనవరి 13న ఏడుగురికి ఇచ్చారు. ఆరుగురు అప్పటికే లేరు. మిగిలినవాడు వెర్నన్ బేకర్, 1945 ఏప్రిల్లో ఇటలీ కొండల మీద జర్మన్ మరఫిరంగుల గూళ్ళమీద పడ్డ లెఫ్టినెంటు. క్లింటన్ ఆయన మెడలో పతకం వేసేనాటికి ఆయనకి 77 ఏళ్ళు. మొదటి యుద్ధంలో ఫ్రాన్సులో పోరాడిన హెన్రీ జాన్సన్‌కి ఇంకా ఆలస్యం. 1918లో ఫ్రెంచివాళ్ళు వెంటనే తమ పతకం ఇచ్చారు. సొంతదేశం పెద్ద పతకం 2015లో ఇచ్చింది. ఆయన పోయి 86 ఏళ్ళయింది.

తిరిగొచ్చాక మామయ్య ట్రంకుపెట్టె తెరిపించాను. ఆయన పోయి చాలాకాలమైంది. అత్తయ్యా లేదు. పశ్చిమ గోదావరిలో ‘మిలిటరీ మాధవరం’ అని ఊరుంది, ఇంటింటా సిపాయిలే. అలాంటి చోటైతే ఇలాంటి పెట్టెకి విలువ తెలిసేది. మావాళ్ళు దాన్ని అటక మీద కొబ్బరిపీచు కింద పెట్టారు. డిశ్చార్జి పుస్తకం చెదలు తినగా సగం మిగిలింది. దాని మధ్యలో నాలుగు మడతలు పెట్టిన తెల్లకాగితం ఒకటి దొరికింది. నాలుగో అర్జీ. పంపలేదు.

అందులో బర్మా స్టార్ మాట ఎక్కడా లేదు. తన పేరు ఫలానా అనీ, పతకం మీద ఉన్నది తన ఇంటిపేరు మాత్రమేననీ, పతకం వెనక్కి పంపడానికి సిద్ధమనీ, దిద్ది మళ్ళీ పంపమనీ రాశాడు. కింద సంతకం తెలుగులో ఉంది. ఇంటిపేరు వదిలేసి, పేరు ఒక్కటే, పెద్ద అక్షరాల్లో.